దవడ పన్నులో తెల్ల ఫిల్లింగ్: ఆయుష్షంతా అడుగు అంచులోనే

దవడ పన్నుకు పెట్టించుకున్న తెల్ల సిమెంటు గురించి ఎవరిని కదిలించినా రెండు రకాల మాటలు వినిపిస్తాయి. రెండేళ్లు తిరక్కుండానే ఊడొచ్చిందని కొందరంటారు. పన్నెండేళ్లయినా పెట్టింది పెట్టినట్టే ఉందని ఇంకొందరంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే. ఒకే పేరుతో పిలిచే పదార్థం ఒకరి నోట్లో రెండేళ్లు, మరొకరి నోట్లో పన్నెండేళ్లు ఎలా నిలుస్తోంది? మామూలుగా దొరికే జవాబు ‘కంపెనీ మంచిది కాదు’ అనో, ‘ఫారిన్ మెటీరియల్ వేయించుకోవాల్సింది’ అనో ఉంటుంది. దశాబ్దాల పాటు రోగులను వెంబడించి చేసిన అధ్యయనాలు ఈ జవాబును బలపరచవు. మిగతా విషయాలతో పోలిస్తే కంపెనీ పాత్ర చిన్నది. పిప్పి ఎంత లోతుకు, ఎంత వెడల్పుకు పాకింది? రెండు పళ్ల మధ్య చిగురును ఆనుకుని ఉండే అడుగు అంచు ఫిల్లింగ్ వేసిన రోజున పొడిగా ఉందా? ఆ తర్వాత ఆ నోట్లోకి రోజుకు ఎన్నిసార్లు తీపి వెళ్తోంది? ఆయుష్షును ఎక్కువగా తేల్చేవి ఇవే. వీటిలో రెండోది రోగికి ఎప్పటికీ కనపడదు. గొడవంతా మొదలయ్యేది మాత్రం చాలాసార్లు అక్కడే.

ముందుగా ‘సిమెంటు’ అనే మాట సంగతి తేల్చుకోవాలి. మన దగ్గర పంటిలో నింపే ప్రతిదాన్నీ సిమెంటనే అంటారు. కానీ తెల్లగా కనిపించే వాటిలో కనీసం మూడు వేర్వేరు పదార్థాలున్నాయి. ఒకటి తాత్కాలికంగా పెట్టేది. రూట్ కెనాల్ మధ్యలోనో, పన్ను నొప్పి తగ్గుతుందో లేదో చూడటానికో పెడతారు. కొన్ని వారాలో నెలలో నిలవడమే దాని పని. రెండోది గ్లాస్ అయనోమర్. 1970ల మొదట్లో లండన్‌లో విల్సన్, కెంట్ అనే రసాయన శాస్త్రవేత్తలు దీన్ని లోకానికి పరిచయం చేశారు. పంటికి దానంతట అదే అంటుకుంటుంది, కాస్త తడిని ఓర్చుకుంటుంది, ఫ్లోరైడ్ వదులుతుంది. చిన్న పిల్లల పాలపళ్లకు, చిగురు దగ్గర అరిగిన చోట్లకు, కుర్చీలో ఎక్కువసేపు కూర్చోలేని వృద్ధులకు అది మంచి పదార్థం. కానీ నమిలే ఒత్తిడికి అరుగుతుంది. రెండు పళ్ల సందు కలిసొచ్చేలా వేసినప్పుడు విరిగే ప్రమాదమూ ఎక్కువే. మూడోది కాంపోజిట్. నీలి కాంతి పెట్టి గట్టిపరిచే పదార్థం ఇదే. ‘తెల్ల ఫిల్లింగ్ నిలవదు’ అనే మాట వెనుక చాలాసార్లు ఉండేది మొదటిదో రెండోదో. తన పంటిలో వేసింది ఏ పదార్థమో అడిగి రాసుకోవడం రోగికి కష్టమైన పనేమీ కాదు. ఆ ఒక్క పదం తెలియకపోతే ఎంతకాలం నిలవాలో లెక్క వేయడానికే వీలుండదు. ఇక్కడి నుంచి వచ్చే చర్చంతా కాంపోజిట్ గురించే.

కాంపోజిట్ అంటే రెజిన్ అనే జిగురు ముద్దలో అతి సన్నని గాజు రేణువులు కలిపినది. ఆ జిగురుకు మూలమైన బిస్-జీఎంఏ అనే అణువుకు అమెరికాలో రఫాయెల్ బోవెన్ 1962లో పేటెంటు పొందారు. అంతకు ఏడేళ్ల ముందే, 1955లో, మైకేల్ బ్యూనోకోర్ మరో దారి తెరిచారు. పంటి గట్టి పైపొర అయిన ఎనామెల్ మీద ఫాస్ఫారిక్ ఆమ్లం రాసి కడిగితే, కంటికి కనపడని గుంతలు ఏర్పడి జిగురు అందులో పట్టుకుంటుందని చూపించారు. ఈ రెండూ కలిస్తేనే తెల్ల ఫిల్లింగ్. 1970లలో దవడ పళ్లలో వేసిన తొలి కాంపోజిట్లు నిజంగానే త్వరగా అరిగిపోయాయి. నమిలే ముఖం మీద గుంటలు పడేవి. తెల్ల ఫిల్లింగ్ ముందు పళ్లకే పనికొస్తుందన్న అభిప్రాయం ఆ రోజుల నాటిది. గాజు రేణువుల పరిమాణం తగ్గి, వాటి పాలు పెరిగాక అరుగుదల పెద్ద సమస్యగా మిగల్లేదు. నేటి కాంపోజిట్లు ఓడిపోయేది ప్రధానంగా రెండు కారణాలతో: ఫిల్లింగ్ పక్కన మళ్లీ పుచ్చు రావడం, ఫిల్లింగో పన్నో విరగడం.

అంకెలు చెప్పేది ఏమిటి?

2014లో నెదర్లాండ్స్‌కు చెందిన నీక్ ఆప్డమ్, ఆయన సహచరులు 12 దీర్ఘకాల అధ్యయనాల ముడి సమాచారాన్ని ఒకచోట చేర్చి లెక్కించారు. 2,816 దవడ పంటి కాంపోజిట్లు అందులో ఉన్నాయి. మొదటి ఐదేళ్లలో ఏడాదికి సగటున 1.8 శాతం, పదేళ్ల మీద చూస్తే ఏడాదికి 2.4 శాతం విఫలమయ్యాయి. అంటే నూరు ఫిల్లింగుల్లో ఐదేళ్ల తర్వాత సుమారు 91, పదేళ్ల తర్వాత సుమారు 78 మిగులుతాయి. ఇది సగటు మాత్రమే. అసలు సంగతి సగటు చుట్టూ ఉన్న తేడాల్లో ఉంది.

స్వీడన్‌లో వాన్ డైకెన్, పాలెసెన్ అనే పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనం ముప్పై ఏళ్లు నడిచింది. 30 మందికి ఒకే వైద్యుడు 99 ఫిల్లింగులు వేశారు. అన్నీ రెండు పళ్ల సందు కలిసొచ్చే ఒక మోస్తరు పరిమాణంవే. ముప్పై ఏళ్లు గడిచాక వాటిలో 63 శాతం సవ్యంగానే ఉన్నాయి. అప్పటి పదార్థాలు ఇప్పటి వాటితో పోలిస్తే పాతకాలపువి. ఎనామెల్ కింద ఉండే డెంటిన్ అనే పొరకు అంటించే నేటి బాండింగ్ జిగురు లేదు, ఎనామెల్‌ను మాత్రమే ఆమ్లంతో గరుకు చేసి జిగురు రాశారు. ఇంకో విశేషం, కాంతి అవసరం లేకుండా రెండు పేస్టులు కలిపితే గట్టిపడే రకాలు కాంతితో గట్టిపడే రకం కంటే మెరుగ్గా నిలిచాయి. కొత్తదంతా పాతదాని కంటే ఎక్కువకాలం నిలుస్తుందని అనుకునేవారు ఆగి ఆలోచించాల్సిన ఫలితం ఇది.

బ్రెజిల్‌లోని ఒక ప్రైవేటు క్లినిక్‌లో 61 మంది రోగులకు వేసిన 362 ఫిల్లింగులను 22 ఏళ్లు గమనించారు. రెండు రకాల కాంపోజిట్లు వాడారు. గాజు రేణువులు ఎక్కువున్న రకం ఏడాదికి 1.5 శాతం, తక్కువున్న రకం 2.2 శాతం చొప్పున విఫలమయ్యాయి. పదార్థం వల్ల తేడా ఉంది, లేదనడం సరికాదు. కానీ ఆ తేడా బయటపడటానికి దశాబ్దం పైగా పట్టింది. రెండేళ్లలో ఊడిన ఫిల్లింగ్‌కు కారణం ఇది కాజాలదు.

ఇప్పుడు రెండో వైపు. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో 8 నుంచి 12 ఏళ్ల పిల్లలు 472 మందికి వేసిన 1,748 ఫిల్లింగులను ఏడేళ్ల వరకు చూశారు. 2007లో వెలువడిన ఈ ఫలితాల ప్రకారం, వెండి రంగు అమాల్గమ్ 94.4 శాతం నిలిస్తే కాంపోజిట్ 85.5 శాతం నిలిచింది. ఫిల్లింగ్ పక్కన మళ్లీ పుచ్చు వచ్చే ప్రమాదం కాంపోజిట్‌లో మూడున్నర రెట్లు. అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో అదే కాలంలో పిల్లల మీద జరిగిన పరీక్షలో మరమ్మతు అవసరం కాంపోజిట్‌కు ఏడు రెట్లు ఎక్కువగా పడింది. వైద్య పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి తూచే కొక్రేన్ సంస్థ 2021లో నవీకరించిన సమీక్ష, కాంపోజిట్ విఫలమయ్యే అవకాశం అమాల్గమ్ కంటే దాదాపు రెట్టింపని చెప్పింది. ఈ ‘రెట్టింపు’ అనే మాట తరచూ వినిపిస్తుంది. అయితే ఆ లెక్కకు ఆధారం ప్రధానంగా పైన చెప్పిన పిల్లల పరీక్షలే. పుచ్చు ముదిరిన నోళ్లతో ఆ పరీక్షల్లో చేరిన పిల్లలకు, క్రమం తప్పకుండా వైద్యుడి దగ్గరికి వెళ్లే మధ్యవయసు వారికి ఒకే లెక్క వర్తించదు. ఆ సమీక్ష కూడా తన ఆధారాల బలం తక్కువేనని ఒప్పుకుంది.

ఈ చిక్కుముడి విప్పిన అధ్యయనం ఆప్డమ్ బృందానిదే, 2010 నాటిది. 1,949 పెద్ద ఫిల్లింగులను 12 ఏళ్ల మీద పోల్చారు. పుచ్చు ముప్పు తక్కువున్నవారిలో కాంపోజిట్ అమాల్గమ్‌ను మించింది. పుచ్చు ముప్పు ఎక్కువున్నవారిలో, మూడు ముఖాలు కలిపి వేసిన పెద్ద ఫిల్లింగుల్లో, అమాల్గమ్ గెలిచింది. అంటే ఏ పదార్థం మంచిదన్న ప్రశ్నకు నోటిని చూడకుండా జవాబు చెప్పలేం.

అడుగు అంచు కథ

రెండు దవడ పళ్లు ఒకదాన్నొకటి తాకే చోటుకు కాస్త కింద, చిగురుకు కాస్త పైన పుచ్చు మొదలవుతుంది. దాన్ని శుభ్రం చేశాక పంటి పక్క గోడ పోయి పెట్టె లాంటి గుంత మిగులుతుంది. ఆ పెట్టె అడుగే అసలు రంగస్థలం. పై అంచుల్లో దిట్టమైన ఎనామెల్ ఉంటుంది. కిందికి పోయేకొద్దీ ఎనామెల్ పలచబడి, ఒక్కోసారి అసలే ఉండదు. డెంటిన్ మాత్రమే మిగులుతుంది. ఎనామెల్ దాదాపు పూర్తిగా ఖనిజం. ఆమ్లం రాసి కడిగి ఆరబెడితే జిగురు గట్టిగా పట్టుకుంటుంది, ఏళ్ల తరబడి వదలదు. డెంటిన్‌లో నీరుంది, కొల్లాజెన్ అనే మాంసకృత్తు పీచుంది. ఆమ్లం ఖనిజాన్ని తీసేశాక ఆ పీచు వలలోకి జిగురు చొచ్చుకుపోయి గట్టిపడాలి. ఇలా ఏర్పడే మిశ్రమ పొరను 1982లో జపాన్‌కు చెందిన నకబయాషి వర్ణించారు. జిగురు అందని పీచు ఏ కొంచెం మిగిలినా దాని మీద పంటిలోనే ఉండే కొన్ని ఎంజైములు పనిచేసి మెల్లగా కరిగిస్తాయి. మరోవైపు నీరు జిగురులోకి ఇంకుతుంది. లాలాజలంలోనూ, పుచ్చు తెచ్చే బాక్టీరియాలోనూ ఉండే ఎస్టరేజులనే ఎంజైములు రెజిన్ బంధాలనే కొరికేస్తాయి. ఇదంతా రోజుల్లో జరిగేది కాదు, ఏళ్లు పడుతుంది.

అమాల్గమ్ దీనికి పూర్తిగా తలకిందులు. వేసిన రోజున అది పంటికి అంటుకోదు. అంచున సన్నని సందు ఉంటుంది. కానీ కాలం గడిచేకొద్దీ లోహం తుప్పు పట్టి, ఆ తుప్పే సందును పూడుస్తుంది. అంటే అమాల్గమ్ లోపంతో మొదలై తనను తాను సరిచేసుకుంటుంది. కాంపోజిట్ బిగువుగా మొదలై క్రమంగా సడలుతుంది. వేసినవారి చేతిలో చిన్న పొరపాటును అమాల్గమ్ క్షమిస్తుంది, కాంపోజిట్ క్షమించదు. ‘వెండిది వేయించుకున్నాను, ముప్పై ఏళ్లు కదల్లేదు’ అని ఇంట్లో పెద్దలు చెప్పే మాట ఊరికే వచ్చింది కాదు.

అలాగని అమాల్గమ్‌కు తిరిగి వెళ్లే దారి లేదు. అందులో సుమారు సగం పాదరసం. పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా ఒప్పందం 2017లో అమల్లోకి వచ్చింది. ఐరోపా సమాఖ్య 2018 నుంచి 15 ఏళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు అమాల్గమ్‌ను ఆపించి, 2025 జనవరి 1 నుంచి దాదాపు అందరికీ నిలిపేసింది. దీని వెనుక ప్రధాన ఉద్దేశం పర్యావరణ రక్షణ. నోట్లో ఉన్న పాత వెండి ఫిల్లింగులను భయపడి తీయించుకోవాలన్న అర్థం దానికి లేదు. పైన చెప్పిన అమెరికా, పోర్చుగల్ పరీక్షల్లోని పిల్లలలో మేధాశక్తి విషయంలో అమాల్గమ్ వల్ల హాని కనిపించలేదు. బాగున్న పాత అమాల్గమ్‌ను రంగు కోసం పీకించి తెల్లది వేయించుకోవడం మంచి పన్నును చేజేతులా బలహీనపరుచుకోవడమే. కాంపోజిట్‌తోనే బతకాల్సిన రోజులు వచ్చాయి గనుక దాన్ని సరిగ్గా వేయడం మీదే దృష్టి పెట్టాలి.

సరిగ్గా వేయడమంటే మొట్టమొదట పొడిగా ఉంచడం. ఆమ్లంతో గరుకు చేసిన పంటి మీద ఒక్క లాలాజలపు పొర పాకినా జిగురు పట్టు దెబ్బతింటుంది. చిగురు నుంచి రక్తం చెమరిస్తే మరీను. నోట్లో నాలుక ఉంది, ఊపిరి తేమ ఉంది, చెంప పక్కన లాలాజల గ్రంథి నోరు ఉంది. ఈ పరిస్థితిలో పెట్టె అడుగును పొడిగా ఉంచడానికి ఉన్న సాధనం రబ్బర్ డ్యామ్. పలచని రబ్బరు పటలానికి చిల్లులు పొడిచి పళ్లను మాత్రమే పైకి తీసి బిగించడం. న్యూయార్క్ దంతవైద్యుడు శాన్‌ఫర్డ్ బార్నమ్ దీన్ని 1864లో ప్రవేశపెట్టారు. నూట అరవై ఏళ్లు దాటినా మన క్లినిక్కుల్లో చాలాచోట్ల ఇంకా దూది ఉండలతోనే సరిపెడుతున్నారు. నేర్పరి వైద్యుడు, చురుకైన అసిస్టెంటు, మంచి సక్షన్ ఉంటే పై దవడ పంటికి దూది ఉండలతోనూ పని జరుగుతుంది. కింది దవడ చివరి పన్నుకు, చిగురు దాకా పోయిన పుచ్చుకు అది చాలదు. రబ్బర్ డ్యామ్ వేయడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఐదు నిమిషాల విలువ ఏళ్లలో తెలుస్తుంది. కాంపోజిట్ ఖరీదులో మెటీరియల్ ధర కంటే వైద్యుడి సమయానికే విలువ ఎక్కువ ఉండాలన్నది ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట. పావుగంటలో నాలుగు ఫిల్లింగులు పూర్తిచేసే చోట ఎంత ఖరీదైన ట్యూబు వాడినా లాభం లేదు.

రెండోది కుంచించుకుపోవడం. కాంపోజిట్ గట్టిపడేటప్పుడు పరిమాణంలో సుమారు 2 నుంచి 3 శాతం తగ్గుతుంది. అంకె చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ అన్ని వైపులా గోడలకు అంటుకుని ఉన్న ముద్ద లోపలికి లాక్కుంటే ఎక్కడ పట్టు బలహీనంగా ఉందో అక్కడ వదులుతుంది. చాలాసార్లు ఆ బలహీనమైన చోటు అడుగు అంచే. అందుకే రెండేసి మిల్లీమీటర్ల పొరలుగా వేసి, ఒక్కో పొరను విడిగా గట్టిపరిచే పద్ధతి వచ్చింది. ఇటీవలి బల్క్‌ఫిల్ రకాలను నాలుగు మిల్లీమీటర్ల మందం వరకు ఒకేసారి వేయవచ్చు. ఇప్పటిదాకా వచ్చిన ఫలితాల్లో ఈ రెండు పద్ధతుల మధ్య పెద్ద తేడా కనిపించలేదు.

మూడోది కాంతి. నీలి దీపం పెట్టగానే ఫిల్లింగ్ రాయిలా అయిపోయిందని అనుకోవడం సహజం. పైన గీరి చూస్తే గట్టిగానే ఉంటుంది. అడుగున ఎలా ఉందో పైనుంచి తెలియదు. ఎంత బాగా గట్టిపరిచినా రెజిన్‌లోని బంధాల్లో సగం నుంచి 70 శాతం వరకే కలుస్తాయి. కాంతి చాలకపోతే అది ఇంకా తగ్గుతుంది. అడుగు పొర మెత్తగా ఉండిపోతుంది. రెండు మిల్లీమీటర్ల పొరకు చదరపు సెంటీమీటరుకు 400 మిల్లీవాట్ల దీపాన్ని 40 సెకన్లు పట్టాలన్నది పాత లెక్క. వెయ్యి మిల్లీవాట్ల దీపానికి అదే శక్తి అందాలంటే 16 సెకన్లు కావాలి. పెట్టె అడుగు దీపం కొసకు ఆరేడు మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, అక్కడికి చేరేసరికి వెలుగు చెప్పుకోదగ్గంత తగ్గుతుంది. దీపం కొస మీద పాత కాంపోజిట్ మరక అంటుకుని ఉంటే ఇంకా తగ్గుతుంది. కాస్త ఏటవాలుగా పట్టుకుంటే నీడ పడుతుంది. చివరి దవడ పంటి దగ్గర, నోరు పూర్తిగా తెరుచుకోని రోగిలో, దీపం నిటారుగా పట్టడమే కష్టం. కెనడాలోని డల్‌హౌసీ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ ప్రైస్ చేసిన ప్రయోగాలు ఈ విషయాన్నే తేల్చాయి. దీపం, పన్ను, సమయం ఒకటే అయినా పట్టుకునే చేయి మారితే పంటికి అందే శక్తి ఎంతగానో మారిపోతుంది. స్వీడన్ అధ్యయనంలో కాంతితో పనిలేని రకాలు మెరుగ్గా నిలవడాన్ని ఈ వెలుగులో చూస్తే కొంత అర్థమవుతుంది.

పక్క పంటితో ఆనిక కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పోయిన పక్క గోడను తిరిగి కట్టడానికి పలచని లోహపు పట్టీని చుట్టి, అడుగున చీల బిగించి, ఆ అచ్చులో కాంపోజిట్ నింపుతారు. పట్టీ బల్లపరుపుగా ఉంటే పక్క పంటికి ఆనదు, సందు మిగులుతుంది. అక్కడే మామిడిపండు పీచు, కోడికూర పోగు, గోంగూర ఇరుక్కునేది. ఫిల్లింగ్ వేయించుకున్నాక కొత్తగా ఏదైనా ఇరుక్కోవడం మొదలైతే దాన్ని మామూలు సంగతిగా తీసుకోకూడదు. చీపురు పుల్లతోనో, గుండుసూదితోనో తీసుకుంటూ సర్దుకుపోతే చిగురు దెబ్బతిని, ఆ అడుగు అంచు దగ్గరే మళ్లీ పుచ్చు మొదలవుతుంది. వేసిన వైద్యుడి దగ్గరికే వెళ్లి సందు సరిచేయించుకోవాలి.

నోరు చేసే పని

బాగా వేసిన ఫిల్లింగ్ చుట్టూ కూడా పుచ్చు వస్తుంది. కాంపోజిట్ పుచ్చదు, దాని పక్కన ఉన్న పన్ను పుచ్చుతుంది. ఆ పన్ను మొదట పుచ్చడానికి కారణమైన అలవాటు మారకపోతే రెండోసారి పుచ్చడంలో వింతేమీ లేదు. తీపి తిన్నాక పంటి మీది పాచిలో ఆమ్లం పెరిగి, మళ్లీ మామూలు స్థితికి రావడానికి సుమారు అరగంటో, అంతకు మించో పడుతుంది. అందువల్ల ఎంత చక్కెర తిన్నామన్న దాని కంటే ఎన్నిసార్లన్నది ముఖ్యం. పండగనాడు భోజనంలో రెండు బొబ్బట్లు ఎక్కువ తిన్నందువల్ల జరిగే నష్టం కొంచెమే. పొద్దున లేవగానే ఒకటి, ఆఫీసులో రెండు, సాయంత్రం ఒకటి, రాత్రి పడుకునే ముందు ఇంకొకటి చొప్పున చక్కెర టీ తాగే నోట్లో పళ్లు రోజులో రెండున్నర గంటలో, అంతకు మించో ఆమ్లంలోనే నానుతుంటాయి. మధుమేహం, రక్తపోటు, నిద్ర, మానసిక సమస్యల మందుల్లో కొన్నింటి వల్ల నోరు ఎండిపోతుంది. లాలాజలం తగ్గితే ఆ ఆమ్లాన్ని కడిగే దిక్కుండదు. పదేళ్లు బాగున్న ఫిల్లింగులు అరవయ్యో ఏట ఒక్కసారిగా వరసపెట్టి పాడవడానికి ఇదొక కారణం. రోజుకు రెండుసార్లు కనీసం 1,000 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో తోముకోవడం, పళ్ల సందుల్లో చిన్న బ్రష్షో ఫ్లాసో వాడటం ఫిల్లింగ్ అంచుకు దొరికే చవకైన బీమా. బ్రష్షు వెంట్రుకలు ఆ అడుగు అంచును చేరవు, సందులో దూరేదేదో ఒకటి కావాలి.

తెలుగు నేల మీద మరో చిక్కుంది. భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి నమోదు చేసింది 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలోనే. నల్లగొండ నీళ్ల సంగతి అందరికీ తెలిసిందే. ఫ్లోరోసిస్ పట్టిన ఎనామెల్ పైపొర మామూలు ఎనామెల్‌లా ఆమ్లానికి లొంగదు. దాని కింది పొర గుల్లగా ఉంటుంది. గారపళ్ల మీద గరుకు సరిగ్గా ఏర్పడక బాండింగ్ బలహీనపడవచ్చు. తీవ్రత ఎక్కువున్న పళ్లకు ఆమ్లం ఎక్కువసేపు ఉంచడమో, పైపొరను కాస్త గీయడమో చేస్తారు. ఆ ప్రాంతాల వారు తమ ఊరి పేరు వైద్యుడికి చెప్పడం మంచిది. పళ్లు పెద్దగా గారపట్టినట్టు కనిపించకపోయినా చెప్పాలి.

విరగడం వేరే కథ. ఫిల్లింగ్ కలుపుకునే పంటి ముఖాలు ఒక్కొక్కటి పెరిగేకొద్దీ విఫలమయ్యే ముప్పు సుమారు 30 నుంచి 40 శాతం పెరుగుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. నమిలే ముఖం మీద చిన్న గుంతలో వేసింది దాదాపు జీవితాంతం ఉండవచ్చు. రెండు పక్క గోడలూ పోయి, మిగిలిన శిఖరాలు పలచగా నిలబడ్డ పంటిలో అదే పదార్థం గోడల్ని కాపాడలేదు. రూట్ కెనాల్ చేసిన దవడ పంటికి కాంపోజిట్ నింపి ‘చూద్దాం’ అని వదిలేస్తే ఏదో రోజు వక్కపలుకు కొరికినప్పుడో, చెకోడీ నమిలినప్పుడో పన్ను నిలువునా చీలుతుంది. అలా చీలిన పన్నును చాలాసార్లు పీకేయాల్సిందే. అక్కడ శిఖరాలను కప్పే క్యాపో, ఆన్‌లేనో కావాలి. నిద్రలో పళ్లు నూరే అలవాటున్నవారికి ఇది మరింత వర్తిస్తుంది. అలవాటు ఉన్నట్టు వారికే తెలియకపోవచ్చు. పక్కన పడుకునేవారిని అడిగితే తెలుస్తుంది. ఈ అలవాటు ఉన్నవారికి ఫిల్లింగ్ తర్వాత రాత్రిపూట పెట్టుకునే నైట్ గార్డ్ అవసరమవుతుంది.

రంగు మారితే పోయినట్టేనా?

కాంపోజిట్ అంచు చుట్టూ కొన్నేళ్లకు గోధుమరంగు గీత కనిపించడం మామూలే. టీ, కాఫీ, వక్క, పొగాకు మరక సన్నని అంచు గీతలోకి దిగుతుంది. మరక వేరు, పుచ్చు వేరు. అంచు నల్లబడిందన్న ఒక్క కారణంతో పాడుకాని ఫిల్లింగులను తీసి కొత్తవి వేయడం దంతవైద్యంలో ఎప్పటి నుంచో ఉన్న పొరపాటు. లండన్‌కు చెందిన ఎడ్వినా కిడ్ దీని మీద విస్తృతంగా పనిచేసి, అంచు రంగును చూసి లోపలి పుచ్చును నిర్ణయించలేమని చూపించారు. మెత్తబడిన పన్ను, కంటికి కనపడే గుంత, పై, కింది దవడ పళ్ల సందులు కలిపి చూపే బైట్‌వింగ్ ఎక్స్‌రేలో ఫిల్లింగ్ కింద పెరుగుతున్న నల్లని నీడ, చల్లనివీ తీపివీ తగిలితే కొత్తగా జివ్వుమనడం లాంటివి కావాలి ఆ నిర్ణయానికి. ఎక్స్‌రేలోనూ ఒక మెలిక ఉంది. కొన్ని పాత కాంపోజిట్లు, అంటించే జిగురు పొర మందంగా పేరుకున్న చోట్లు, ఎక్స్‌రేలో నల్లగానే పడి పుచ్చులా భ్రమ కలిగిస్తాయి. పాత ఎక్స్‌రేను కొత్తదాని పక్కన పెట్టి చూస్తేనే పెరుగుతోందో లేదో తెలుస్తుంది. అందుకే పాత ఫిల్మును పారేయకుండా దాచుకోవాలి. ఫోన్‌లో ఫొటో తీసుకున్నా పనికొస్తుంది.

మార్చాలన్న నిర్ణయం తేలికగా తీసుకోకూడదనడానికి గట్టి కారణం ఉంది. ఒక ఫిల్లింగ్‌ను తీసి మళ్లీ వేసిన ప్రతిసారీ గుంత పెద్దదవుతుంది. అమాల్గమ్ అయితే లోహం ఎక్కడ ఆగిందో, పన్ను ఎక్కడ మొదలైందో కంటికి తెలుస్తుంది. పంటి రంగులోనే ఉండే కాంపోజిట్‌ను తీసేటప్పుడు ఆ హద్దు కనపడదు. అందం కోసం ఎంత బాగా రంగు కలిపారో, తీసేటప్పుడు అంత మంచి పన్ను కూడా అరిగిపోతుంది. చిన్న ఫిల్లింగ్ పెద్దదై, పెద్దది రూట్ కెనాలై, రూట్ కెనాల్ క్యాపై, చివరికి పన్నే పోయే మెట్లలో మొదటి అడుగు చాలాసార్లు అవసరం లేని మార్పిడే.

కాంపోజిట్‌కు ఇక్కడ ఒక మేలుంది. దాన్ని మొత్తం తీయక్కర్లేకుండా చెడిన మూలను మాత్రమే బాగుచేయవచ్చు. పాత పదార్థం ఉపరితలాన్ని సన్నని అల్యూమినా పొడి చిమ్మి గరుకు చేసి, గాజు రేణువులకు జిగురును కలిపే సైలేన్ అనే రసాయనం, బాండింగ్ రాసి, కొత్త కాంపోజిట్‌ను దాని మీద అతికిస్తారు. అంచు విరిగిన చోట, ఒక పక్క మాత్రమే చిన్న పుచ్చు వచ్చిన చోట ఇది చక్కగా పనిచేస్తుంది. ఇలా మరమ్మతు చేసిన వాటిని విఫలమైనవిగా లెక్కించకుండా చూస్తే దీర్ఘకాల అధ్యయనాల్లో కాంపోజిట్ల ఆయుష్షు ఇంకా మెరుగ్గా కనిపిస్తుంది. అయినా ‘మొత్తం తీసి కొత్తగా వేద్దాం’ అన్న మాటే క్లినిక్కుల్లో ఎక్కువగా వినపడుతుంది. ఆ మాట వినిపించినప్పుడు రోగి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: చెడింది ఏ మూల, ఆ మూల వరకే చేయడానికి అడ్డం ఏమిటి? ఫిల్లింగ్ సగానికి పైగా వదులైందనో, పుచ్చు అడుగంతా పాకిందనో, అంచు చిగురు కిందికి పోయి అందడం లేదనో జవాబు వస్తే మార్చడం న్యాయమే. ఎక్స్‌రే మీద ఆ చోటు చూపించి చెప్పగలిగితే ఇంకా మంచిది.